సింకు కింద పద్నాలుగు జార్లు

తెనాలి

బంగారు తల్లీ, చిన్నోడా,

నేను ఇంటికి చేరి పది రోజులైంది, రోజూ వీడియో కాల్లో మాట్లాడుతూనే ఉన్నాం గానీ ఈ విషయం ఫోన్లో చెప్తే మీరు సగం విని ఆటకి పరిగెడతారు, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా. చదవడం కష్టమైన చోట అమ్మని అడగండి. మీ ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలకి కూడా చూపించండి, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే పరిస్థితి అయ్యుంటుంది.

మీ వంటింటి సింకు కింద జార్ల గురించే. నేను డాలస్ వచ్చిన మొదటి వారం అంట్ల సబ్బు కోసం ఆ తలుపు తీశా, లోపల సెంటు క్యాండిల్స్ కాల్చేసిన గాజు జార్లు, లెక్కపెడితే పద్నాలుగు. ఒక్కోదాని అడుగున కాస్త మైనం, కొన్నిటికి పక్కల దళసరిగా అంటుకుపోయి ఉంది, అంచులంతా మసి. ఇవన్నీ ఎందుకే అని మీ అమ్మని అడిగితే "పారేయబుద్ధి కాలేదమ్మా, ఎంత బాగున్నాయో చూడు, కడుగుదామంటే మైనం వదలట్లేదు" అంది. మీ అమ్మ నా కూతురే అనిపించింది ఆ మాటకి, హార్లిక్స్ సీసా కూడా పారేయని ఇంట్లో పెరిగింది మరి.

ఒక ఖాళీ జార్‌ని కడిగి మీ కిచెన్ స్కేలు మీద పెట్టా గుర్తుందా, చిన్నోడు నంబరు చదివాడు, 310 గ్రాములు. లేబుల్ మీద చూస్తే మైనం 7 ఔన్సులు, అంటే 198 గ్రాములు. మనం కొనేది వెలుతురూ వాసనా అనుకుంటాం కానీ బరువులో సగం కంటే ఎక్కువ గాజే. మైనం కాలి గాల్లో కలిసిపోతుంది, గాజు మాత్రం ఎక్కడికీ పోదు, మట్టిలో పడేసినా అలాగే ఉంటుంది, కరిగించి మళ్ళీ గాజు చెయ్యాలంటే ఫర్నేసులో సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. అంత కష్టపడి చేసిన వస్తువుని ముప్పై నలభై గంటలు వెలిగించి పక్కన పడేస్తున్నాం, నాకు బాధనిపించేది అదే.

మన పూజగదిలో ఇత్తడి కుందులు చూశారుగా, అవి మా అత్తగారికి వాళ్ళమ్మ ఇచ్చినవి. ఎన్ని వేలసార్లు వెలిగించామో తెలీదు, నూనె అయిపోతే నూనె పోస్తాం, వత్తి అయిపోతే వత్తి వేస్తాం, నెలకోసారి చింతపండు పెట్టి తోముతాం, అంతేగానీ నూనె అయిపోయిందని కుందిని ఎవరూ పారేయరు కదా. లాంతరు కూడా అంతే, చిమ్నీ పగిలితే చిమ్నీ ఒక్కటే కొనేవాళ్ళం. క్యాండిల్ జార్ని కూడా ఒక గాజు కుంది అనుకోండి, మైనం దాంట్లో నూనె లాంటిది. మీకు చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దాన్ని చేసే పద్ధతి.

అన్నట్టు కొవ్వొత్తి అనే మాట ఎలా వచ్చిందో తెలుసా, కొవ్వు ప్లస్ వత్తి. ఒకప్పుడు నిజంగానే పశువుల కొవ్వు కరిగించి చేసేవాళ్ళు, వాసన భరించలేనట్టు ఉండేదట, డబ్బున్నవాళ్ళు తేనెపట్టు మైనం వాడేవాళ్ళు. తర్వాత ముడి చమురు నుంచి తీసే పారాఫిన్ వచ్చింది. మీ ఇంట్లో ఉన్నవి ఎక్కువగా సోయా మైనం, అది 1991లో అమెరికాలోనే మైకేల్ రిచర్డ్స్ అనే ఆయన మొదలుపెట్టింది, మనం నూనెని డాల్డాగా గడ్డకట్టించినట్టే సోయా నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తారు. మూలం నూనే కాబట్టి అది మెత్తగా ఉంటుంది, వేడి నీళ్ళూ సబ్బూ పెడితే తేలిగ్గా పోతుంది, పారాఫిన్ కాస్త మొండిది.

ముందు అసలు మైనం ఎందుకు మిగిలిపోతుందో అర్థం చేసుకోవాలి. వత్తి కాలడం వల్ల వెలుతురు వస్తుందని చిన్నోడు అన్నాడు, కాదు నాన్నా, మంట వేడికి మైనం కరుగుతుంది, ఆ ద్రవం వత్తిలోంచి పైకి పాకుతుంది, పైన ఆవిరవుతుంది, ఆ ఆవిరి కాలుతుంది. నమ్మకపోతే అమ్మని పక్కన ఉంచుకుని చూడండి, క్యాండిల్ ఆర్పగానే తెల్లటి పొగ తీగలాగా లేస్తుంది కదా, వెలుగుతున్న అగ్గిపుల్లని వత్తికి తగలకుండా ఆ పొగలో పెడితే మంట పొగ వెంట కిందికి దూకి వత్తి అంటుకుంటుంది, ఎందుకంటే ఆ పొగ మైనపు ఆవిరే. మైకేల్ ఫారడే అని పెద్ద సైంటిస్టు, కరెంటు తయారుచేసే సూత్రం కనిపెట్టినాయన, లండన్‌లో 1860 చలికాలంలో మీలాంటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు లెక్చర్లు చెప్పాడు, ఈ ప్రయోగం కూడా చేసి చూపించాడు. ఒక్క కొవ్వొత్తిలో అంత సైన్సు ఉంది.

ఇప్పుడు మీరు చేస్తున్న తప్పు ఏంటంటే, సాయంత్రం చుట్టాలు వస్తే వెలిగిస్తారు, అరగంటకి ఆర్పేస్తారు. అరగంటలో వత్తి చుట్టూ రూపాయి బిళ్ళంత మేరే కరుగుతుంది, రెండోసారి వెలిగిస్తే మళ్ళీ ఆ గుంటలోనే కరుగుతుంది, అలా బావి తవ్వినట్టు మధ్యలో లోతుకి పోయి పక్కల మైనమంతా మిగిలిపోతుంది. మీ పద్నాలుగు జార్లలో ఐదు అలాంటివే. మొదటిసారి వెలిగించినప్పుడు పైనంతా అంచు నుంచి అంచు దాకా కరిగేవరకు ఉంచాలి, జార్ వెడల్పు అంగుళానికి గంట లెక్కన, మూడంగుళాల జార్ అయితే మూడు గంటలు. అంతసేపు ఇంట్లో ఉండి చూసుకునే తీరిక లేకపోతే ఆ రోజు వెలిగించకండి. నాలుగు గంటలు దాటనివ్వకండి. వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని పావు అంగుళానికి కత్తిరించాలి, పొడుగ్గా వదిలేస్తే మంట ఎగిరి మసి పట్టేది అందుకే. ఆల్రెడీ గుంట పడిపోయి ఉంటే జార్ మూతి చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి మధ్యలో పెద్ద కంత ఉంచి ఒక గంట వెలిగించండి, వేడి లోపలే తిరిగి పక్కలు కూడా కరుగుతాయి. ఫాయిల్ బాగా కాలుతుంది, తీసేది అమ్మే, మీరు కాదు.

అడుగున అర అంగుళం మిగిలినప్పుడు ఆపెయ్యాలి. చివరి చుక్కదాకా కాలిస్తే పొదుపు అనుకుంటాం, నేనూ మొదట అలాగే అనుకున్నా, కానీ వత్తి కింద ఒక రేకు బిళ్ళ ఉంటుంది, మైనం లేకపోతే ఆ మంట వేడి నేరుగా గాజు అడుక్కి తగిలి పగలొచ్చు. ఆ అర అంగుళం వృథా పోదులే, దాంతో ఏం చెయ్యాలో చెప్తా.

కడగడం. పారాఫిన్ అయితే జార్‌ని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాలి, చలికి గాజు కంటే మైనం ఎక్కువ ముడుచుకుంటుంది, పొద్దున బోర్లించి కొడితే బిళ్ళలాగా ఊడొస్తుంది. సోయా అయితే జార్‌ని గోరువెచ్చటి నీళ్ళతో కాస్త వేడెక్కించాక లోపల వేడి నీళ్ళు పోసి వదిలేస్తే మైనం కరిగి పైకి తేలుతుంది, నీళ్ళకంటే తేలిక కదా, చల్లారాక పైన అట్టులాగా గడ్డకడుతుంది, తీసేసుకోవడమే. ఆ నీళ్ళు సింకులో పోసేముందు పాత గుడ్డలో వడకట్టండి, మైనం పైపులోకి పోతే లోపల గడ్డకట్టి ప్లంబర్ని పిలవాల్సి వస్తుంది. మైక్రోవేవ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, అడుగున రేకు ఉందని చెప్పానుగా, నిప్పురవ్వలు వస్తాయి.

నా వల్ల ఒక జార్ పోయింది, అది కూడా చెప్తా. ఫ్రీజర్లోంచి తీసినదానికి మైనం సరిగా ఊడలేదని తొందరపడి కెటిల్లో మరిగిన నీళ్ళు పోశా, టప్పుమని నిలువునా పగిలింది, నీళ్ళన్నీ గట్టు మీద, అదృష్టం కొద్దీ మీరు స్కూల్లో ఉన్నారు. లోపలి వైపు వేడికి సాగుతుంది, బయటి వైపు ఇంకా చల్లగా ముడుచుకునే ఉంటుంది, ఆ లాగుడుకి గాజు తట్టుకోలేదు. చల్లగా ఉన్న గాజు మీద వేడిది పోయకూడదు, వేడిగా ఉన్నదాని మీద చల్లనిది పోయకూడదు, ఇది జీవితాంతం గుర్తుపెట్టుకోండి, వంటింట్లో చాలాసార్లు పనికొస్తుంది.

నేను కడిగిన జార్లలోంచి తీసిన మైనం నాలుగు వందల గ్రాముల పైనే వచ్చింది. అంటే రెండు కొత్త క్యాండిల్స్, చెత్తలో పోవాల్సినవి. పెద్దదీ నేనూ కూర్చుని ఒక్కో ముక్కా వాసన చూసి వేరు చేశాం, వెనీలా లాంటి తీపి వాసనలు ఒకచోట, పూల వాసనలు ఒకచోట, క్రిస్మస్ చెట్టు వాసనవి ఒకచోట, అన్నీ కలిపితే తలనొప్పి వాసన వస్తుంది, రంగులు కలిపితే బురద రంగు వస్తుంది. కరిగించేటప్పుడు పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి దాంట్లో మైనం వెయ్యాలి, నేరుగా స్టవ్ మీద ఎప్పుడూ పెట్టకూడదు, మైనం కూడా నూనె లాంటిదే, మరీ వేడెక్కితే అంటుకుంటుంది. ఒకవేళ అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట పైకి ఎగజిమ్ముతుంది, మూత పెట్టి స్టవ్ ఆపాలి. అందుకే ఈ పని పెద్దవాళ్ళు లేకుండా మీరు మొదలుపెట్టొద్దు, వాసన చూసి వేరు చెయ్యడం, వత్తి నిలబెట్టడం, కత్తిరించడం మీ పని.

కరిగింది పాత బనీను గుడ్డలో వడకడితే మసి, అగ్గిపుల్ల ముక్కలు పోతాయి. జార్ పూర్తిగా ఆరి ఉండాలి, ఒక్క నీటి చుక్క ఉన్నా వత్తి చిటపటమంటుంది. కొత్త వత్తి రేకుని కాస్త కరిగిన మైనంతో అడుగున అతికించి, పైన రెండు ఐస్‌క్రీం పుల్లల మధ్య నిటారుగా పట్టించి, మైనం అంచుల్లో పల్చటి పొర కట్టబోతుండగా నెమ్మదిగా పోసి, ఒక రోజంతా కదపకుండా వదిలెయ్యాలి. పాత మైనంలో వాసన ఎలాగూ ఉంటుంది, కొత్త మైనం కొంటే వంద గ్రాములకి ఆరు నుంచి పది గ్రాముల సెంటు నూనె చాలు, ఎక్కువ పోస్తే మైనం పట్టుకోలేక పైకి చెమట పట్టినట్టు వదిలేస్తుంది.

వత్తి మాత్రం కొన్నదే వాడండి. మా చిన్నప్పుడు కరెంటు పోయే రోజుల్లో మా అమ్మ కొవ్వొత్తి ముక్కలన్నీ ఒక టిన్నులో దాచి కరిగించి మామూలు ట్వైన్ దారం వేసి మళ్ళీ కొవ్వొత్తి చేసేది, అది పొగ కక్కుతూ మాటిమాటికీ ఆరిపోయేది, ఎందుకో అప్పుడు తెలీదు. జడలాగా అల్లిన నూలు వత్తి కాలుతున్నకొద్దీ పక్కకి వంగి తన కొసని తనే కాల్చేసుకుంటుంది, 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన కనిపెట్టాడు దీన్ని, అంతకుముందు ఒక మనిషి కత్తెర పట్టుకుని కొసలు కత్తిరిస్తూ కూర్చోవాల్సి వచ్చేది. జార్ వెడల్పుకి తగ్గ సైజు ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మధ్యలో లోహపు తీగ ఉన్న పాత వత్తులు ఎక్కడైనా కనిపిస్తే తీసుకోకండి, సీసం తీగ వత్తుల్ని అమెరికాలో 2003లో నిషేధించారు గానీ అంతకుముందువి కావచ్చు.

ఇదంతా చెయ్యలేమమ్మమ్మా అంటే రీఫిల్స్ అమ్ముతున్నారు, వత్తితో సహా మైనపు బిళ్ళ, మీ పాత జార్లో దింపి వెలిగించుకోవడమే. కొనేముందు జార్ లోపలి కొలత తీసుకోండి. బిళ్ళకి చుట్టిన ప్లాస్టిక్ ఎంత ఉందో కూడా చూడండి, గాజు మిగిల్చి ప్లాస్టిక్ పెంచితే నాకు నచ్చదు.

ఏ గ్లాసులో పడితే ఆ గ్లాసులో పోయకండి. మంచినీళ్ళ గ్లాసులు, కాడ ఉన్న గ్లాసులు, మూతి సన్నగా ఉన్న సీసాలు పనికిరావు, క్యాండిల్ గాజుకి అక్కడ ఏఎస్‌టీఎం ఎఫ్2179 అని ప్రత్యేకంగా ఒక స్టాండర్డే ఉంది, వేడికీ చలికీ తేడా వస్తే ఎంత తట్టుకోవాలో అందులో చెప్తారు. కాబట్టి క్యాండిల్‌తో వచ్చిన జారే మళ్ళీ క్యాండిల్‌కి మంచిది. మన స్టీలు డబ్బా, ఇత్తడి గిన్నె కూడా బాగుంటాయి, కాకపోతే బాగా కాలతాయి, కింద చెక్క పలకో రాతి పలకో పెట్టాలి. కొబ్బరి చిప్ప క్యాండిల్స్ ముచ్చటగా కనిపిస్తాయి గానీ నేను ఇంట్లో వెలిగించను, ఎండిన చిప్ప ఎంత బాగా మండుతుందో పొయ్యిలో పెట్టినవాళ్ళకి తెలుసు.

పప్పులు పోసుకోవచ్చా అని అమ్మ అడిగింది, నేనైతే పోయను. గాజుకి వాసన పట్టదు కానీ మూతలో రబ్బరు రింగుకి పడుతుంది, కొన్నిటికి లోపల రంగు పూత కూడా ఉంటుంది. తినేవి కాకుండా ఇంకేదైనా పర్లేదు, గుండీలు, పిన్నులు, హెయిర్ క్లిప్పులు, దూది. మిగిలిన మైనం ముక్క ఒకటి అమ్మ సూట్‌కేసు జిప్పుకి రాశా, ఎంత స్మూత్‌గా పోతుందో చూడండి.

రెండు జార్లు నేను సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నా. ఒకదాంట్లో పూజగదిలో కుందుల పక్కన వత్తులు వేసి పెట్టా, రెండోదాంట్లో పెద్దదానితో కలిసి చేసిన మల్లెపూల క్యాండిల్ ఉంది, నిన్న సాయంత్రం కరెంటు పోతే వెలిగించా, అంచుదాకా చక్కగా కరిగింది తల్లీ.

సింకు కింద ఇంకా మూడు కడక్కుండా వదిలేసి వచ్చా. ఆకుపచ్చదాని అడుగున వెంట్రుకంత పగులు ఉంది, దాన్ని మళ్ళీ వెలిగించొద్దు, మైనం తీసేసి గాజు రీసైక్లింగ్ తీసుకుంటారేమో అమ్మని కనుక్కోమనండి. మిగతా రెండూ సోయావే, శనివారం అమ్మకి సెలవుగా, గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టి ఆ తర్వాతే వేడి నీళ్ళు పోయమని చెప్పండి, ఎంత మైనం వచ్చిందో స్కేలు మీద పెట్టి నాకు ఫోటో పంపండి.

మీ అమ్మమ్మ