దారి తప్పే పిల్లలను ఒకచోట చేర్చితే

పదమూడు, పద్నాలుగేళ్ల అబ్బాయిని అతని స్నేహితుడితో కలిపి ఒక గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా వీడియో కెమెరా పెట్టి, ఇద్దరూ కలిసి ఏదైనా చేయడానికి ఒక ప్రణాళిక వేసుకోమని, తమకున్న చిక్కుల గురించి మాట్లాడుకోమని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లిపోయారు. ఇరవై అయిదు నిమిషాల వ్యవహారం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణంలో 1980లలో 200 మంది దాకా అబ్బాయిలను ఇలా చిత్రీకరించారు. అక్కడి సోషల్ లెర్నింగ్ సెంటర్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్, థామస్ డిషియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నేరాలు ఎక్కువగా జరిగే పేటల పిల్లలను నాలుగో తరగతి నుంచీ గమనిస్తూ వస్తున్నారు. ఈ చిత్రీకరణ అందులో ఒక భాగం.

టేపులను ముందు పెట్టుకుని పరిశోధకులు లెక్కపెట్టినది చాలా చిన్న విషయం. ఒకడు ఒక మాట అంటాడు. అది దొంగతనం గురించో, బడి ఎగ్గొట్టడం గురించో, టీచరును ఏడిపించడం గురించో కావచ్చు; మామూలు ఆటపాటల గురించీ కావచ్చు. అది విని రెండోవాడు నవ్వాడా, లేక పట్టించుకోకుండా ఊరుకున్నాడా? అంతే. అప్పటికే పోలీసుల దాకా వెళ్లిన అబ్బాయిల జంటల్లో నవ్వు పుట్టింది తప్పుడు పనుల మాటలకే. మామూలు మాట వస్తే చప్పగా వదిలేసేవారు. తక్కిన జంటల్లో దీనికి తలకిందులు: తుంటరి మాట ఎవరూ అందుకోక అక్కడే ఆగిపోయేది, నవ్వులన్నీ మామూలు కబుర్లకే. దేనికి నవ్వు దొరికితే ఆ మాటే మళ్లీ మళ్లీ వచ్చేది. ఆ నవ్వుల తీరును బట్టి తర్వాతి రెండేళ్లలో ఎవరి ఆగడాలు పెరుగుతాయో చాలావరకు అంచనా వేయగలిగారు. 1996లో వెలువడిన ఈ ఫలితానికి డిషియన్ బృందం పెట్టిన పేరును తెలుగులో తప్పుదారి తర్ఫీదు అనవచ్చు. బెదిరింపులు లేవు, బలవంతం లేదు. పిల్లలు చెడిపోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం ఊహించుకునే ఆ ‘చెడ్డ స్నేహితుడు’, చెవిలో దుర్బోధ చేసేవాడు, ఈ టేపుల్లో పెద్దగా కనబడడు. కనబడేదల్లా కితకితలు పెట్టినట్టు నవ్వే ఇద్దరు పిల్లలు.

స్నేహాల వల్ల పిల్లలు చెడిపోతారన్న మాటకు ఎవరి ప్రయోగమూ అక్కర్లేదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. శాస్త్రజ్ఞులు మాత్రం దీని మీద చాలాకాలం కొట్లాడుకున్నారు. షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే బాలనేరస్థుల కోర్టు రికార్డులు తిరగేసి, పిల్లల్లో ఎక్కువమంది ఒంటరిగా కాక తోడుగాళ్లతోనే నేరాలు చేస్తున్నారని చూపించారు. అదే దారిలో ఎడ్విన్ సదర్లాండ్, నేరం కూడా భాషలాగా నలుగురిలో తిరిగి నేర్చుకునేదేనని 1939లో ప్రతిపాదించాడు. హార్వర్డ్‌కు చెందిన షెల్డన్, ఎలినార్ గ్లూక్ దంపతులు దీన్ని ఒప్పుకోలేదు. బాస్టన్‌లో 500 మంది నేరబాలలను, మరో 500 మంది మామూలు పిల్లలను పోల్చి చూసి, ముందే ఆ బుద్ధి ఉన్నవాడు తనలాంటివాణ్ణి వెతుక్కుంటాడే తప్ప స్నేహం వల్ల చెడిపోడని 1950లో వాదించారు. ఈ తగవులో రెండు పక్షాలూ సగం సగం నిజమేనని 1978లో డెనీస్ కాండెల్ తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల స్నేహాలను విద్యా సంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పరిశీలిస్తే, తమలాంటివారిని ఎంచుకోవడం, ఎంచుకున్నాక వారిలా మారడం రెండూ ఇంచుమించు సమానంగా కనిపించాయి.

అదే ఏడాది మరో పత్రం వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది అదే. అది అర్థం కావాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

రిచర్డ్ కాబట్ బాస్టన్‌లో పేరున్న వైద్యుడు. ఆస్పత్రిలో సామాజిక కార్యకర్తలను నియమించే పద్ధతిని 1905లో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో మొదలుపెట్టింది ఆయనే. చెడిపోయే ప్రమాదమున్న పిల్లలకు చిన్నప్పుడే ఒక మంచి పెద్దమనిషి అండ దొరికితే దారిన పడతారని ఆయన నమ్మకం. కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల నుంచి అన్నివిధాలా పోలిన పిల్లలను జతలుగా ఏర్పరచి, బొమ్మా బొరుసా వేసి ఒకరిని పథకంలోకి తీసుకున్నారు, రెండోవాణ్ణి వదిలేశారు. 1939లో పని మొదలైంది. ఆ ఏడాదే కాబట్ చనిపోయాడు. పథకం మాత్రం 1945 దాకా సాగింది. సలహాదారు సగటున నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు. చదువులో సాయం, వైద్యం, ఆటలు, ఎండాకాలం శిబిరాలు, అన్నీ అమర్చారు. అంత శ్రద్ధగా నడిచిన పథకాలు ఇప్పటికీ అరుదు.

1970ల మధ్యలో జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు అప్పటికి నడివయసులో ఉన్న ఆ మనుషులను వెతికి పట్టుకుంది. పథకంలో ఉన్నవారిలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు మరోలా చెప్పాయి. రెండోసారి నేరం చేయడం, తాగుడుకు బానిస కావడం, త్వరగా చనిపోవడం, ఇవన్నీ వదిలేసిన పిల్లల్లో కంటే సాయం అందుకున్నవారిలోనే ఎక్కువ. బాగుపడ్డామని మనస్ఫూర్తిగా నమ్మేవారి మాటను బట్టి పథకాలకు మార్కులు వేసే అలవాటున్నవారు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి.

ఎందుకిలా జరిగింది? మెకార్డ్ 1978లో కొన్ని ఊహలు చేసింది కానీ, గట్టి ఆధారం దొరకడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. నష్టం చాలావరకు వేసవి శిబిరాలకు ఒకసారికి మించి వెళ్లినవారిలోనే కనబడింది. ఒక్కసారే వెళ్లినవారిలో తేడా పెద్దగా లేదు. మొదటి ఏడాది కలుసుకున్నవారు రెండో ఏడాది మళ్లీ కలిశారు, చెప్పుకోవడానికి బోలెడు గొప్పలు, వినడానికి తగిన శ్రోతలు.

యూజీన్ కేంద్రానికి ఇది సొంత అనుభవం కూడా. డిషియన్ 1990ల మొదట్లో, బడిలో ఇబ్బందులున్న పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు 119 మందితో ఒక కార్యక్రమం నడిపాడు. కొందరి విషయంలో తల్లిదండ్రులకు శిక్షణ. కొందరు పిల్లలను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, కోపాన్ని అదుపు చేసుకోవడం, లక్ష్యాలు పెట్టుకోవడం నేర్పారు. పాఠాలు బాగానే సాగాయి. కానీ ఏడాది తిరిగేసరికి బృందాల్లో కూర్చున్న పిల్లల్లో పొగతాగడం పెరిగింది, టీచర్ల ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, ఆ తేడా మూడేళ్ల దాకా నిలిచింది. ఆ తరగతుల టేపులను తర్వాత తిరగేస్తే, చెడు జరిగింది పాఠం నడుస్తున్నప్పుడు కాదని తేలింది. మొదలయ్యే ముందు, మధ్య విరామంలో, ముగిశాక కోట్లు తగిలించుకుంటూ మాట్లాడుకున్న ఆ నాలుగైదు నిమిషాల్లో జరిగింది. గురువుగారు చెప్పే గంట పాఠాన్ని, పక్కవాడి నవ్వు ఐదు నిమిషాల్లో చెరిపేసింది.

ఈ రెండు కథలనూ కలిపి డిషియన్, మెకార్డ్, ఫ్రాన్స్వా పూలిన్ 1999లో పత్రం రాస్తే పెద్ద దుమారమే రేగింది. బృంద చికిత్సలన్నీ హానికరమేనా అని నిలదీసినవారు ఉన్నారు. వందల అధ్యయనాలను జల్లెడ పట్టి, అంత సార్వత్రిక ముప్పేమీ లేదని 2005 ప్రాంతంలో కొందరు తేల్చారు. ఆ అభ్యంతరంలో బలముంది. 1970లలో సెయింట్ లూయిస్ నగరంలో రోనాల్డ్ ఫెల్డ్‌మన్ చేసిన ప్రయోగంలో, ఇబ్బందులున్న ఒకరిద్దరు అబ్బాయిలను మామూలు పిల్లల బృందాల్లో కలిపితే మంచే జరిగింది. తేడా బృందంలో లేదు, బృందంలో ఎవరున్నారన్నదానిలో ఉంది.

వయసు సంగతి వేరే చెప్పాలి. 2005లో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ ఒక కారు నడిపే కంప్యూటర్ ఆట పెట్టి చూశారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితుల ముందు ఆడినప్పుడు పదమూడు, పదహారేళ్ల మధ్యవారి దూకుడు విపరీతంగా పెరిగింది; ఇరవై నాలుగు దాటినవారికి ఎవరు చూస్తున్నా ఒకటే.

మన చట్టంలోకి ఈ చరిత్ర ఎంతవరకు చేరిందో చూడాలంటే 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం తెరవాలి. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమేనని అది చెబుతుంది. విచారణ ముగిసేదాకా పిల్లలను ఉంచే పరిశీలన గృహాల్లో వారిని వయసును, నేర తీవ్రతను బట్టి వేరు చేయాలని కూడా చెబుతుంది. పెద్ద నేరస్థుల నుంచి చిన్నవాళ్లను కాపాడడానికి అది అవసరమే, కానీ ఆ లెక్కన ఒకే ఈడు, ఒకే రకం ఆరోపణలున్నవారు ఒకే గదికి చేరతారు. పన్నెండో సెక్షన్ ఇంకా ఆసక్తికరం. బెయిల్ పొందడం బాలుడి హక్కుగా చెబుతూనే, విడుదల చేస్తే నేరస్థుల సావాసంలో పడతాడని నమ్మడానికి కారణముంటే నిరాకరించవచ్చని అంటుంది. అలా బెయిల్ రాని అబ్బాయిని సాధారణంగా పంపేది పరిశీలన గృహానికే. అక్కడ అతనికి దొరికే సావాసం ఎవరిది?