బండికి బురద ఎందుకు పూశానంటే

మారేడుపల్లి, సికింద్రాబాదు.

చిరంజీవులు అనన్య, కార్తీక్‌లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు వెళ్ళిపోయిన తరువాత కూడా అనన్య అడిగిన ప్రశ్న నా చెవిలోనే ఉండిపోయింది. మూడు నెలల పాటు కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ముక్క తరువాత ముక్క అతికించి, ముచ్చటగా ఆకుపచ్చ రంగు వేసిన చిన్న సైనిక వాహనపు బొమ్మకు నేను కుంచెతో బురద పూస్తుంటే, "ఇంత శుభ్రంగా చేసి మళ్ళీ ఎందుకు పాడు చేస్తున్నావు తాతయ్యా?" అని అడిగింది. నేను "అది అంతేనమ్మా" అని తప్పించుకున్నాను. జవాబు వెంటనే తోచనప్పుడు పెద్దవాళ్ళు అనే మాట అది. ఆ బాకీ ఈ ఉత్తరంలో తీర్చుకుంటాను.

ముందుగా మీ ఇద్దరి బడి బూట్లు తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. తుడవకండి. జూన్ నెలలో కొన్నప్పుడు రెండు జతలూ ఒక్కలాగే ఉన్నాయి కదా, ఇప్పుడు చూడండి. దారిలో కనబడిన ప్రతి రాయినీ తన్నుకుంటూ వస్తాడు కాబట్టి కార్తీక్ బూటు ముందుభాగం గీసుకుపోయి, నలుపు కింద ఉన్న బూడిదరంగు బయటపడింది. అనన్య బూటు ముందువైపు నున్నగానే ఉంది గాని, లేసు విప్పకుండానే కాలు దూర్చే అలవాటు వల్ల మడమ దగ్గర అణిగిపోయింది. రెండింటిలోనూ కుట్ల వెంట సన్నగా దుమ్ము పట్టింది, అట్ట అంచు చుట్టూ బురద ఎండి పెచ్చు కట్టింది. చూశారా, మురికి ఎక్కడబడితే అక్కడ లేదు. దేని చోటు దానిదే.

ఈ సంగతి నాకు నేర్పినవారు మా డ్రిల్లు మాస్టారు. ఆ రోజుల్లో డ్రిల్లుకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని వెళ్ళాలి. ముందురోజు రాత్రి సుద్దముక్క తడిపి వాటికి రుద్దేవాళ్ళం. మాస్టారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి ముఖాలు చూసేవారు కాదు, తల వంచుకుని బూట్లు చూసుకుంటూ పోయేవారు. "నువ్వు రైలు పట్టాల మీదుగా వచ్చావు, నువ్వు పశువుల దొడ్డి సందులోంచి వచ్చావు" అని చెబుతుంటే మాకు ఆయన దగ్గర ఏదో మంత్రం ఉందని అనిపించేది. ఒకనాడు నేను నాలా దగ్గర చేపపిల్లలు పట్టుకుంటూ ఆలస్యం చేసి, జేబులోని సుద్ద గబగబా పూసుకుని వచ్చినా దొరికిపోయాను. సుద్ద పైపైన పడింది, బురద కుట్లలోనే ఉండిపోయింది. మురికికి చిరునామా ఉంటుందని ఆ రోజు అరచేతి మీద పడిన బెత్తంతో సహా తెలుసుకున్నాను.

ఇక మన బండి సంగతికి వద్దాం. కార్తీక్ దానిని ట్యాంకు అంటున్నాడు గాని, అది సైనికులను తనలో కూర్చోబెట్టుకుని పోరు జరిగే చోటికి తీసుకుపోయే వాహనం. సోవియట్ దేశంలో రూపు దిద్దుకుంది, అసలు పేరు బీఎంపీ-2. మనవాళ్ళు దానికి సారథ్ అని పేరు పెట్టి, మన ఊరికి దగ్గరలోనే, సంగారెడ్డి పక్కనున్న ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారు చేస్తూ వచ్చారు. బరువు సుమారు 14 టన్నులు. నడిపించి గురి చూసేవారు ముగ్గురు, వెనుక ఏడుగురు సైనికులు, మొత్తం పది మంది. నీటిలోకి దిగితే పడవలాగా తేలుతూ, తన గొలుసుపట్టాలతోనే నీటిని తోసుకుంటూ పోతుంది. వెనుకనున్న రెండు తలుపులు లోపల బోలుగా ఉంటాయి, వాటిలో కూడా ఇంధనం నింపుతారు. బొమ్మకు ఆ తలుపులు అతికించేటప్పుడు, వాటిని ఆనుకుని కూర్చునే కుర్రవాళ్ళు గుర్తుకు వచ్చి కాసేపు చేయి ఆడలేదు.

మన బొమ్మ అసలు బండిలో 35వ వంతు. అసలుది 6.7 మీటర్ల పొడవు, మనది 19 సెంటీమీటర్లు. అయిదడుగుల తొమ్మిది అంగుళాల సైనికుడు ఇక్కడ అయిదు సెంటీమీటర్లు, అంటే అనన్య చిటికెన వేలంత. ఈ 35 అనే అంకెను ఏ పండితుడూ కూర్చుని నిర్ణయించలేదు. 1960ల మొదట్లో జపాను దేశపు తమియా కంపెనీవారు పాంథర్ అనే జర్మన్ ట్యాంకు బొమ్మను లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటంత పరిమాణంలో చేశారు. తరువాత కొలిచి చూస్తే అది అసలు ట్యాంకులో దాదాపు 35వ వంతు వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా సైనిక వాహనాల బొమ్మలు చేసేవారిలో ఎక్కువమంది ఆ కొలతనే పాటిస్తున్నారు.

అతికించే పని గురించి పెద్దగా చెప్పేది లేదు. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రానికి చిక్కుడుకాయల్లా వేలాడుతుంటాయి. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కత్తెరతో తుంచి, అంచులు గరుకు కాగితంతో నున్నగా చేసి అతికించాలి. దీనికి వాడే ప్లాస్టిక్ సిమెంటు మామూలు జిగురు వంటిది కాదు, అది రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. అందువల్ల తొందర పడినవాడి వేలిముద్ర కూడా బండిలో భాగమై కూర్చుంటుంది. బండి కుడివైపున గుడ్డ మూట ఒకటి కట్టి ఉందే, కార్తీక్ దానిని సైనికుల దుప్పట్లు అనుకున్నాడు. టిష్యూ కాగితాన్ని ఫెవికాల్ నీళ్ళలో తడిపి చుట్టిన మూట అది. దాని కింద మీ తాతయ్య బొటనవేలి ముద్ర ఉంది.

మా కాలంలో ఇటువంటి పెట్టెలు మేము కళ్ళతో చూసి ఎరుగము. 1971 డిసెంబరులో యుద్ధం జరుగుతున్నప్పుడు నాకు పదేళ్ళు. రేడియోలో వార్తలు విని, పత్రికలో ట్యాంకు ఫోటో చూసి, అమ్మ కుట్టుపెట్టెలోని చెక్క రీలుతో ట్యాంకు చేశాను. రీలు రెండు అంచులకూ చాకుతో పళ్ళు చెక్కి, నడిమి రంధ్రంలోంచి రబ్బరు బ్యాండు దూర్చి, ఒకవైపు అగ్గిపుల్ల ముక్కతో బిగించి, రెండోవైపు కొవ్వొత్తి బిళ్ళకు పొడుగు పుల్ల ఒకటి తగిలించి మెలి తిప్పి వదిలితే, అది తాపీగా నడుచుకుంటూ తెలుగు వాచకం ఎక్కి, లెక్కల పుస్తకం మీదుగా దిగేది. రీలు మీద ఇంకా సగం దారం ఉండగానే చుట్టంతా విప్పేసినందుకు తిట్లు తిన్నాను గాని, దానికి రంగు వేయాలని తోచలేదు. వాకిట్లో నాలుగు రోజులు పాకేసరికి దానంతట అదే నిజమైన ట్యాంకు రంగుకు వచ్చింది. అది నడిచి మురికి అయింది. ఇప్పుడు చేసిన బొమ్మ అడుగు కూడా కదలదు కాబట్టి, అది నడిచిన నడకంతా నేనే పూయవలసి వచ్చింది.

ఆ పూత కూడా బూటును చూసే చేశాను. బూటు ముందుభాగం గీసుకుపోయినట్లే, బండి మీదికి సైనికులు ఎక్కి దిగేచోట, మూతల అంచుల దగ్గర, వెనుక తలుపుల పిడుల దగ్గర రంగు లేచిపోతుంది. చిన్న స్పాంజి ముక్కను ముదురు గోధుమరంగులో అద్ది, దానిని కాగితం మీద దాదాపుగా తుడిచేసి, ఆ చోట్ల మాత్రమే మెల్లగా తాకించాను. బూటు అడుగున మేకులు నేలకు రాసుకుని మెరిసినట్లే గొలుసుపట్టా నేలకు తగిలే భాగం మెరుస్తుంది. అక్కడ మీ పెన్సిలు ముల్లు అరగదీసిన పొడి రుద్దాను. కుట్లలో దుమ్ము ఉన్నట్లే బోల్టుల చుట్టూ, అతుకుల వెంట మకిలి ఉండాలి. ఇక్కడ మాత్రం బూటు పోలిక నాకు సాయపడలేదు, దీపపు వత్తి సాయపడింది. గోధుమరంగు నూనె రంగును టర్పెంటైనుతో పల్చగా కలిపి, కుంచె కొనను గాడిలో ఒక్కచోట ఆనిస్తే చాలు, వత్తి వెంట నూనె పాకినట్లు ఆ రంగు గాడి పొడవునా తనంతట తానే పరుగెత్తుతుంది. ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూడాలనిపించే పని అది. మీరు వచ్చినప్పుడు ఒక గాడి మీ చేత నింపిస్తాను.

తరువాత బండి నిలబడిన నేల. 25 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్క పలక మీద థర్మోకోల్ అతికించి, వానాకాలంలో వాగు ఒడ్డు లాగా చెక్కాను. అతికించే ప్లాస్టిక్ సిమెంటు బొట్టు ఒకటి దాని మీద పడగానే సుయ్‌మని గుంట పడింది. బొమ్మ ప్లాస్టిక్కూ థర్మోకోలూ ఒకే పదార్థం, దీనిని నురగలా పొంగించారు, అంతే తేడా. ఆ గుంటనే తరువాత నీటిమడుగు చేశాను, కాబట్టి మీరు మెచ్చుకున్న మడుగు కూడా ఒక పొరపాటే. థర్మోకోల్ మీద పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తడిగా ఉండగానే బండిని అదిమి పెట్టాను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35వ వంతుకు తగ్గినప్పుడు బరువు 42,875వ వంతుకు పడిపోతుంది. 14 టన్నుల బండి మూడువందల పాతిక గ్రాములు అవుతుంది, నా బొమ్మ అంత కూడా తూగదు. నాన్న బూటు అచ్చు లోతుగాను, మీ బూటు అచ్చు పైపైనా పడినట్లే ఇదీ. అదిమి పెట్టకపోతే బండి నేల మీద ఈగలాగా వాలి ఉంటుంది.

మట్టి మన పెరటిదే. నానమ్మ పెనం మీద వేయించి (ఇప్పుడు ఆ పెనం నాకే ఇచ్చేసింది, కొత్తది కొనుక్కుంది), పాత పంచెగుడ్డలో జల్లించాను. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఈ లోకంలో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది కాబట్టి జల్లించక తప్పదు. కొబ్బరి పీచు సెంటీమీటరు పొడవున కత్తిరిస్తే మోకాలి కింది దాకా వచ్చే గడ్డి అయింది. మూలనున్న పెద్ద బండరాయికి మాత్రం ఏమీ చేయలేదు. మన ఊరి గుట్ట దగ్గర ఏరిన పది సెంటీమీటర్ల గ్రానైట్ పలుకు అది, అక్కడ మూడున్నర మీటర్ల బండగా అచ్చం సరిపోయింది. రాయి ఎంత చిన్నగా పగిలినా కొండలాగే కనబడుతుంది. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళను ఫోటో తీసేటప్పుడు పక్కన సుత్తినో నాణాన్నో పెడతారు, లేకపోతే చూసేవారికి అది గులకరాయో గుట్టో తెలియదు. నీరు ఇందుకు పూర్తిగా ఎదురు. మడుగులో నిజమైన నీళ్ళు పోసి చూశాను, ఒడ్డున నిలిచిన అయిదు మిల్లీమీటర్ల బొట్టు, జానెడు వెడల్పున్న గాజు బుడగలాగా బండి పక్కన కూర్చుంది. రాయి చిన్నదవడానికి ఒప్పుకుంటుంది, నీటిబొట్టు ఒప్పుకోదు. ఎందుకని మీరు అడుగుతారు. అడగండి, అది మరొక ఉత్తరం. ప్రస్తుతానికి మడుగును మెరిసే వార్నిష్ పొరలు పొరలుగా పోసి చేశాను.

ఒక్క పని నాకు ఇంకా కుదరలేదు. బురద తడిగా ఉన్నప్పుడు నల్లగాను, ఆరినప్పుడు తెల్లగాను ఉంటుందని అందరికీ తెలుసు. కాని నడిచి వచ్చి ఆగిన బండి మీద అది ముందు ఎక్కడ ఆరుతుంది, చివరిదాకా ఎక్కడ తడిగా ఉంటుంది అన్నది ఇంట్లో కూర్చుని ఊహిస్తే తప్పు వస్తోంది. మీ వీధి చివర అపార్టుమెంటు పునాది తవ్వుతున్న ప్రొక్లెయినర్‌కు కూడా ఇటువంటి గొలుసుపట్టాలే ఉంటాయి. వాన వెలిసిన సాయంత్రం పని ఆగిన తరువాత, నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళి, కంచె ఇవతలే నిలబడి దానిని చూడండి. చక్రాల మధ్య ఇరుక్కున్న ముద్దలు ఏ రంగులో ఉన్నాయి, పట్టా పై వరుసలో ఎంత రాలిపోయింది, కింది వరుసలో ఎంత మిగిలింది అన్నది అనన్య బొమ్మ గీయాలి, కార్తీక్ రంగుల పేర్లు రాయాలి. మరునాడు ఉదయం బడికి వెళ్ళేటప్పుడు ఇంకొకసారి చూసి, ఏమి మారిందో అదే కాగితం వెనుక రాయండి.

వచ్చే ఆదివారం ఆ కాగితం మరిచిపోకుండా తీసుకురండి. బండికి ఎడమవైపు ఇంకా బురద పూయలేదు.

ఇట్లు,
మీ తాతయ్య