మడత దగ్గర రాసిన లైను

చిరంజీవులు బుజ్జికీ, చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం బుజ్జి ఫోనులో అడిగిన ప్రశ్నకి "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని తప్పించుకున్నాను. సిగ్నల్ బాగానే ఉంది, నా దగ్గరే జవాబు లేదు. సోషల్ పుస్తకంలో హిట్లర్ పాఠం చదువుతూ అది అడిగింది ఇదీ: "తాతయ్యా, అన్ని దేశాల రాయబారులూ బెర్లిన్‌లోనే ఉన్నారు కదా! కళ్ళెదురుగా అంతా జరుగుతుంటే వాళ్ళలో ఒక్కరూ తమ దేశానికి చెప్పలేదా?" వెనకనుంచి చిన్నూ, "రాయబారి అంటే కృష్ణుడు లాగానా?" అన్నాడు. నాలుగు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో అయితే మధ్యలో మీ అమ్మ పప్పు మాడిపోతోందని లాక్కుంటుంది.

ముందు చిన్నూ సంగతి. కృష్ణుడిది ఒక్కసారి వెళ్ళొచ్చే రాయబారం. సభలోకి వెళ్ళాడు, చెప్పాల్సింది చెప్పాడు, వచ్చేశాడు. ఈ రాయబారులు పరాయి దేశంలో ఏళ్ళ తరబడి ఉండాలి. వాళ్ళని తల్చుకుంటే నాకు అత్తారింటికి వెళ్ళిన కొత్త కోడలే గుర్తొస్తుంది. పుట్టింటి పరువంతా ఆమె మీదే ఉంటుంది. పిలిచిన ప్రతి పేరంటానికీ నవ్వుమొహంతో వెళ్ళాలి. ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుందో కనిపెట్టాలి. అందరూ పడుకున్నాక పుట్టింటికి ఉత్తరం రాయాలి. రాయబార కార్యాలయంలో జరిగే పని చాలావరకు ఇదే. కాకపోతే వాళ్ళ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యరు. సీలు వేసిన సంచీలో వెళుతుంది, ఆ సంచీని ఎవరూ విప్పకూడదని దేశాల మధ్య మర్యాద. అప్పట్లో తొందరైతే సంకేత భాషలో టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు.

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీకి ఛాన్సలర్ అయ్యాడు. నెల తిరక్కుండా పార్లమెంటు భవనం తగలబడింది. మార్చి నెలాఖరుకి, పార్లమెంటుతో పని లేకుండా చట్టాలు చేసే అధికారం అతని చేతికి వచ్చేసింది. బెర్లిన్‌లో ఇళ్ళల్లో జనం టెలిఫోను మీద దిండు కప్పి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వీధిలో ఇద్దరు స్నేహితులు కలిస్తే, నోరు తెరిచే ముందు మెడ తిప్పి అటూ ఇటూ చూసేవాళ్ళు. దానికి "జర్మన్ చూపు" అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు.

ఇక బుజ్జి ప్రశ్న. చెప్పారమ్మా. మొదటి రోజుల్లోనే చెప్పారు.

బ్రిటన్ రాయబారి సర్ హొరేస్ రంబోల్డ్ అని ఒక పెద్దాయన. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కూడా ఆయన బెర్లిన్‌లోనే చిన్న హోదాలో ఉన్నాడు. ఒకసారి ఇల్లు తగలబడటం చూసినవాడికి పొగ వాసన త్వరగా తెలుస్తుంది. హిట్లర్ రాసిన 'మైన్ కాంఫ్' పుస్తకం తీసుకుని శ్రద్ధగా చదివాడు. 1933 ఏప్రిల్ 26న లండన్‌కి సుమారు 5,000 మాటల ఉత్తరం రాశాడు. ఈ మనిషి యుద్ధాన్ని నమ్ముకున్నవాడు, ఇప్పుడు శాంతి గురించి మాట్లాడేది బలం పుంజుకునేదాకానే అని దాని సారాంశం. హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ ఉత్తరాన్ని లండన్‌లో మంత్రులకి పంచారు. వాళ్ళు చదివారు కూడా. ఆ వేసవిలోనే రంబోల్డ్ రిటైరై ఇంటికి వెళ్ళిపోయాడు.

అమెరికా తరఫున అక్కడ జార్జ్ మెసర్‌స్మిత్ అనే కాన్సల్ జనరల్, అంటే వీసాల లాంటి పనులు చూసే కాన్సలేటుకి పెద్ద, ఉండేవాడు. ఉత్తరాలు ఎంత పొడుగ్గా రాసేవాడంటే, "నలభై పేజీల జార్జ్" అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. 1933 జూన్‌లో రాసిన ఒక ఉత్తరంలో, ఈ ప్రభుత్వాన్ని నడుపుతున్నవాళ్ళలో కొందరు మామూలుగా అయితే ఎక్కడో వైద్యం చేయించుకుంటూ ఉండాల్సినవాళ్ళు అనేశాడు. నలభై పేజీలు ఎవరు చదువుతారు చెప్పండి? నేను రాసే ఈ నాలుగు పేజీలే మీరు పూర్తిగా చదువుతారో లేదో!

వీళ్ళందరిలో నాకు ఇష్టమైనవాడు విలియం డాడ్. షికాగోలో చరిత్ర మేష్టారు. ఒక పెద్ద పుస్తకం పూర్తి చేసుకోవాలని తీరికైన ఉద్యోగం వెతుక్కుంటుంటే, ఇంకొందరు వద్దన్న బెర్లిన్ పదవి ఆయన నెత్తిన పడింది. 1933 జూన్‌లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ స్వయంగా ఫోను చేసి అడిగాడు. మామూలుగా డబ్బున్నవాళ్ళకే ఇచ్చే పదవి అది, సొంత డబ్బుతో విందులు ఇవ్వాలి కదా! ఈయన మాత్రం జీతంలోనే బతుకుతానని చెప్పి, తన పాత షెవ్రొలే కారుని ఓడలో వేయించుకుని దిగాడు. పెద్ద పెద్ద కార్ల మధ్య ఆ డొక్కు కారు చూసి తోటి రాయబారులు నవ్వుకున్నారు.

రాయబారికి ఒక చిక్కుంది. ఉంటున్న దేశపు ప్రభుత్వాన్ని మొహం మీదే తిట్టకూడదు. అందుకని ఆ అక్టోబరులో బెర్లిన్‌లోని అమెరికన్ వ్యాపారుల సభలో డాడ్ మేష్టారు రోము చరిత్ర చెప్పాడు. ఒక్కడి చేతిలో అధికారమంతా పోగుపడితే పూర్వం ఏమైందో, సీజర్ కథ ఏమిటో చెప్పాడు. హిట్లర్ పేరు ఎక్కడా ఎత్తలేదు. విన్నవాళ్ళందరికీ అర్థమైంది.

మా అక్క కూడా అలాగే రాసేది. మీరు మామ్మ అని పిలుస్తారే, ఆవిడే. నాకు పదేళ్ళప్పుడు ఆమెకి గోదావరి అవతల ఒక లంక ఊరి సంబంధం చేశారు. నెలకొక నీలం ఇన్‌లాండ్ లెటరు వచ్చేది. మొదటి నాలుగు లైన్లూ గుండ్రంగా, పెద్ద అక్షరాలతో: "నేనిక్కడ క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను." ఆ తర్వాత అక్షరాలు చిన్నవయ్యేవి. చివరికి జిగురు రాసి అంటించే మడత దగ్గర, చీమల బారులాగా ఒక లైను. ఒక ఉత్తరంలో "ఇక్కడ నూతినీళ్ళు ఉప్పగా ఉంటున్నాయి" అని రాసింది. అది వినగానే అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. నీళ్ళు ఉప్పగా ఉంటే ఏడవడం ఎందుకో నాకు తెలియలేదు. నాన్న కార్డు తీసి జవాబు రాశాడు: "అలవాటవుతాయి. పెద్దవాళ్ళతో సర్దుకుపో."

అమెరికా వాళ్ళు డాడ్‌కి చెప్పిందీ ఇంచుమించు అదే. అమెరికాలో చాలామంది జర్మనీకి అప్పులిచ్చి ఉన్నారు. యూదులని వీధుల్లో కొడుతున్నారన్న వార్త కన్నా, ఆ బాకీలు వసూలవుతాయా లేదా అన్నదే పైవాళ్ళకి ఎక్కువ టెన్షన్. వియ్యాలవారు బాకీ ఉన్నప్పుడు వాళ్ళ మీద ఫిర్యాదు ఎవరు వింటారు? డాడ్ ఏటా నురెంబర్గ్‌లో జరిగే హిట్లర్ నాజీ పార్టీ జాతరకి వెళ్ళనని మొండికేసి, నాలుగేళ్ళు రాసి రాసి, 1937 డిసెంబరులో తిరిగి వెళ్ళిపోయాడు. 1940 ఫిబ్రవరిలో పోయాడు. ఆ పుస్తకం మొత్తం పూర్తి కానేలేదు.

మీకు నవ్వొచ్చే ఉత్తరం కూడా ఒకటుంది. రంబోల్డ్ తర్వాత వచ్చిన బ్రిటన్ రాయబారి సర్ ఎరిక్ ఫిప్స్ రాసింది. 1934 జూన్‌లో గోరింగ్ అనే పెద్ద నాయకుడు కొందరు రాయబారులని బెర్లిన్ దగ్గర తన అడవికి పిలిచాడు. పిలిచినవాడే ఆలస్యంగా, రబ్బరు బట్టలు, పొడుగు బూట్లు, నడుముకి వేటకత్తితో కారు నడుపుకుంటూ దిగాడు. బైసన్ అనే అడవిదున్నని అందరిముందూ పెట్టెలోంచి వదిలాడు. అది బయటికి రానని మొరాయించి, ఎలాగో వచ్చి, ఎదురుగా ఉన్న ఆడదున్నల్ని దిగులుగా చూసి, మళ్ళీ పెట్టెలోకే దూరబోయింది. తర్వాత గోరింగ్ తెల్ల టెన్నిస్ బూట్లు, ఆకుపచ్చ తోలు కోటు తొడుక్కుని, చేతిలో ఈటె లాంటిది పట్టుకుని తన ఇల్లంతా తిప్పి చూపించాడు. చదివినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కానీ ఫిప్స్ చివర్లో ఒక మాట రాశాడు. ఇతను ఇవన్నీ చిన్నపిల్లాడు బొమ్మలు చూపించినట్టు చూపించాడు, ఇతని దగ్గర రెక్కలున్న బొమ్మలు వేరే ఉన్నాయి, వాటిని కూడా ఒకరోజు ఇలాంటి సరదాతోనే ఎగరేస్తాడేమో అని. రెక్కల బొమ్మలంటే యుద్ధ విమానాలు. అడవిలో విందు జరిగి మూడు వారాలు కాకముందే, జూన్ 30న, హిట్లరూ గోరింగూ కలిసి తమ పార్టీలోని పాత స్నేహితులనే ఎంతోమందిని విచారణ లేకుండా చంపించారు.

అందరూ ఇలాంటివాళ్ళే అనుకోకండి. 1937లో వచ్చిన బ్రిటన్ రాయబారి నెవిల్ హెండర్సన్, శాంతిని కాపాడటానికి దేవుడే తనని పంపాడని నమ్మాడు. ముందువాళ్ళు వెళ్ళని నురెంబర్గ్ జాతరకి వెళ్ళాడు. చెడ్డవాడని నేననను. గొడవ వద్దనుకునే మనిషి. ప్రతి పెళ్ళిలోనూ అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉంటాడు, "పోనీలెద్దురూ" అంటూ. ఆస్ట్రియాని హిట్లర్ మింగేశాడు, పోనీలే. 1938 సెప్టెంబరు 30న మ్యూనిక్‌లో చెకొస్లొవేకియా అంచులు కోసి ఇచ్చారు, పోనీలే. 1939 మార్చిలో హిట్లర్ ఆ దేశపు రాజధాని ప్రాగ్‌లోకి నడిచి వచ్చాడు. సెప్టెంబరు 1న పోలండ్ మీద పడ్డాడు.

సెప్టెంబరు 3 ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి ఆఖరి హెచ్చరిక అందించాల్సినవాడు హెండర్సనే. తీసుకోవడానికి జర్మనీ విదేశాంగ మంత్రి రాలేదు, పాల్ ష్మిట్ అనే దుబాసీని పెట్టాడు. ఆ ష్మిట్ ఆ రోజు నిద్ర లేవలేదు! టాక్సీలో పరుగెత్తుకొస్తే, హెండర్సన్ అప్పటికే ముందు గుమ్మంలోంచి లోపలికి వెళుతున్నాడు. ఈయన పక్క గుమ్మంలోంచి దూరి, సరిగ్గా తొమ్మిదింటికి ఏమీ ఎరగనట్టు గదిలో నిలబడ్డాడు. స్కూలు బెల్లు కొట్టేటప్పుడు చిన్నూ చేసే పనే. అంత పెద్ద యుద్ధం ముందు కూడా మనుషులు నిద్ర చాలక పరుగెడుతూనే ఉంటారు. పదకొండింటికి గడువు తీరింది.

ఇక్కడ నా కోడలి పోలిక పనికిరాదని ఒప్పుకోవాలి. అత్తారింట్లో దెబ్బ తగిలితే కోడలికే తగులుతుంది. రాయబారులకి కారుంది, విందుంది, వెనక్కి వెళ్ళే టికెట్టుంది. దెబ్బలు తిన్నది ఆ వీధుల్లోని యూదులు. వాళ్ళు కాన్సలేట్ల ముందు వీసాల కోసం బారులు తీరారు. 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు వీళ్ళ గురించి మాట్లాడుకోవడానికి కూర్చుని, పాపం అని, దాదాపు అందరూ మా దగ్గర చోటు లేదన్నారు.

అప్పుడు ఆస్ట్రియాలోని వియన్నాలో చైనా కాన్సల్ జనరల్‌గా హో ఫెంగ్‌షాన్ అనే యువకుడు ఉన్నాడు. చైనాలోని షాంఘైలో దిగడానికి నిజానికి వీసా అక్కర్లేదు. కానీ ఎక్కడికి వెళుతున్నావో కాగితం చూపిస్తేనే ఆస్ట్రియా దాటనిచ్చేవాళ్ళు. అందుకని ఆయన అడిగినవాళ్ళందరికీ షాంఘై వీసాలు రాసిచ్చాడు. బెర్లిన్‌లో ఉన్న పైఅధికారి ఆపమన్నాడు. ఆపలేదు. కాన్సలేటు ఉన్న భవనం యూదులదని నాజీలు లాక్కుంటే, సొంత డబ్బుతో చిన్న చోటు అద్దెకి తీసుకుని రాశాడు. వేల వీసాలు. ఆ తర్వాత దాన్ని గొప్పగా చెప్పుకోనూ లేదు. 1997లో, తొంభై ఆరేళ్ళ వయసులో పోయాక గానీ ఆయన చేసిన పని లోకానికి సరిగ్గా తెలియలేదు. కొందరు నలభై పేజీలు రాశారు, ఈయన ఒక్క ముద్ర వేశాడు. ఏది గొప్పంటే నేను చెప్పలేను. రాత్రిళ్ళు అప్పుడప్పుడు ఆ ముద్ర చప్పుడు ఊహించుకుంటూ ఉంటాను.

ఎక్కడో బెర్లిన్ గొడవ మనకెందుకు అనకండి. ఆ యుద్ధమే పెరిగి పెరిగి, 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులై పడింది. వేసింది జపాను, అప్పటికి జర్మనీతో ఒక జట్టు. కాకినాడలో కొట్లో గుమాస్తాగా ఉన్న మా నాన్న ఆ రోజు చెప్పులు వదిలేసి పరుగెత్తాడట. ఆ చెప్పుల గురించి బతికినన్నాళ్ళూ బాధపడ్డాడు.

బుజ్జీ, నీ ప్రశ్నకి ఫోనులో జవాబు ఎందుకు చెప్పలేకపోయానో ఇప్పుడు చెబుతాను. మా నాయనమ్మకి చదువు రాదు. అక్క ఉత్తరాలు ఆమెకి చదివి వినిపించే పని నాది. చదివాక నాకు బెల్లం ముక్క ఇచ్చేది. ఆమె ఏడిస్తే ఆ పూట బెల్లం లేదు. అందుకని క్షేమం లైన్లు గట్టిగా చదివి, మడత దగ్గరున్న లైను వదిలేసేవాణ్ణి. ఒకసారి కాదు, చాలాసార్లు. ఏడాది తిరిగాక, వానాకాలంలో, అక్క ఒక్కతే ట్రంకుపెట్టెతో పడవ దిగింది. నాన్న రేవుకి వెళ్ళి, ఏమీ అనకుండా పెట్టె తనే నెత్తిన పెట్టుకుని తీసుకొచ్చాడు. నాయనమ్మ మాత్రం నావైపు చూసి, "నువ్వు చదివిన ఉత్తరాల్లో ఇదేమీ లేదేరా?" అంది. ఆ తర్వాత అక్క టీచరు ట్రైనింగు అయింది. మీకు ఎక్కాలు నేర్పిన మామ్మ ఆవిడే కదా.

దసరాకి వస్తున్నారుగా. అటక మీద ఆ ట్రంకుపెట్టె ఇంకా ఉంది. అందులో ఇనపతీగకి గుచ్చిన ఉత్తరాల కట్ట ఉంటుంది. కింద నుంచి నాలుగోదో ఐదోదో నీలం ఇన్‌లాండ్. తీగ లాగేటప్పుడు జాగ్రత్త, తుప్పు పట్టింది. జిగురు మరక పక్కన చూడండి, చిన్నూకి కళ్ళు బాగా కనిపిస్తాయి కాబట్టి వాణ్ణి చదవమనండి. మామ్మ వరండాలోనే కూర్చుని ఉంటుంది. ఆవిడకి వినబడేలా గట్టిగా చదవండి.

మీ తాతయ్య