రెండు సీట్ల అగ్గువ కారు మన దగ్గర నడుస్తుందా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కార్లు అమ్మడం నా పని. కొత్తవీ అమ్ముతాను, పాతవీ అమ్ముతాను. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ నుంచి గిరాకీ వస్తుంది. పాలమూరులో మావాళ్లు ఇదే వ్యాపారంలో ఉన్నారు కాబట్టి జడ్చర్ల, వనపర్తి బేరాలు కూడా చెవిన పడుతుంటాయి. ఈ మధ్య ఎవరు కలిసినా ఒకటే మాట: "రెండు సీట్ల కారు అగ్గువకు వస్తే మన దగ్గర ఎగబడి కొంటరన్నా." హైదరాబాద్‌లో కూర్చుని లెక్కలు వేసేవాళ్లకైతే ఈ నమ్మకం ఇంకా గట్టిది. వాళ్ల లెక్కకూ ఆధారం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో సుమారు సగం ఇళ్లలో మోటార్‌సైకిలో స్కూటరో ఉంది. కారున్న ఇళ్లు వందకు ఎనిమిది లోపే. మధ్యలో మిగిలిన ఇళ్లన్నీ గిరాకీయే అనుకుంటారు. ఆ ఇళ్లవాళ్లు మా యార్డుకు వచ్చి ఏం చూస్తారో తెలిస్తే అలా అనుకోరు.

అపోహ: కార్లో రోజూ పోయేది ఇద్దరే, వెనక సీటు దండగ.

వాస్తవం: నిజానికి రోజూ పోయేది ఒక్కరే. కానీ మన దగ్గర మొదటి కారు ఎవరూ రోజూ తిరగడానికి కొనరు. దానికి మోటార్‌సైకిల్ ఉంది. కారు కొనేది చెర్వుగట్టు జాతరకు, యాదగిరిగుట్టకు, మేనకోడలి పెళ్లికి, అర్ధరాత్రి నాయినకు ఛాతీలో నొప్పొస్తే హైదరాబాద్ తీసుకపోవడానికి. ఏడాదిలో ఇలాంటి రోజులు కొన్నే. అయినా డబ్బు లెక్కపెట్టేటప్పుడు మనసులో ఉండేవి అవే.

యార్డులో ఆల్టో చూడ్డానికి ఒక కుటుంబం వచ్చిందనుకోండి. మగాయన బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వింటుంటాడు. ఈలోపు ఆడవాళ్లు వెనక డోరు తీసి ముసలమ్మను కూర్చోబెడతారు. ఆమె ముందు నడుము ఆనించి, తర్వాత ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని లోపలికి పెట్టుకుంటుంది. మోకాలు ముందు సీటుకు తగులుతుందేమోనని కోడలు వంగి చూస్తుంది. "అత్తమ్మా, మంచిగున్నదా?" "కూసునుడు మంచిగనే ఉన్నది, దిగుడెట్ల బిడ్డా?" ఆ తర్వాత పిల్లలు ఎక్కుతారు. బేరం సగం ఇక్కడే తేలిపోతుంది, ఇంజన్ దగ్గర కాదు. రెండు సీట్ల బండికి ఈ పరీక్షే లేదు, అత్తమ్మకు చోటే లేదు కనుక.

స్మార్ట్ ఫోర్‌టూ లాంటి రెండు సీట్ల కారు యూరప్‌లో నడిచిందని అంటారు. అక్కడి నగరాల్లో బండి ఆపుకునే జాగా బంగారం. మన బెంగళూరులో 2001లో మొదలైన రెవా కూడా లండన్‌లో జీ-విజ్ పేరుతో బాగానే తిరిగింది. నగరం నడిబొడ్డుకు పోయే కార్ల మీద అక్కడ వేసే రుసుము దానికి లేకపోవడం పెద్ద కారణం. నల్లగొండలో కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఆపుతాం. పొట్టి బండితో మనకు మిగిలేదేముంది?

అపోహ: సీట్లు సగం చేస్తే ధర కూడా సగమవుతుంది.

వాస్తవం: వెనక సీటు తీసేస్తే తగ్గేది కొంత స్పాంజి, ఒక కవరు, బెల్టులు, కాస్త రేకు. ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, బ్రేకులు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ముందు ఎయిర్‌బ్యాగులు ఇద్దరికైనా కావాల్సిందే, ఐదుగురికైనా కావాల్సిందే. ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చో టాటా నానో అప్పుడే చూపించింది. 2009లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజన్, ఒకటే వైపర్, చక్రానికి మూడే నట్లు. వాళ్లు అన్నీ కోశారు, సీట్ల జోలికి మాత్రం పోలేదు. అంటే సీట్లలో మిగిలేది పెద్దగా లేదని అప్పుడే తేలింది.

చిన్నదైతే అగ్గువ అనే లెక్క కూడా నిలవదు. 2023లో వచ్చిన ఎలక్ట్రిక్ కారు ఎంజీ కామెట్ పొడవు మూడు మీటర్ల లోపే, నానో కంటే పొట్టి. మొదటి ధర 7.98 లక్షలు. అందులోనూ నాలుగు సీట్లు పెట్టారు. చైనాలో 2020 నుంచి విపరీతంగా అమ్ముడైన వూలింగ్ హాంగ్‌గ్వాంగ్ మినీలోనూ నాలుగే.

2025 ధరలే చూడండి. 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగాక ఆల్టో కె10 షోరూం ధర దాదాపు 3.70 లక్షల నుంచి మొదలైంది. ఐదు లక్షల లోపు కారుకు మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ 13 శాతం. అంటే 48 వేలు. ఇన్సూరెన్స్ కలపకముందే నాలుగు లక్షలు దాటుతుంది. అదే ఏడాది జనవరిలో వేవ్ ఎవా అనే బుల్లి ఎలక్ట్రిక్ కారును చూపించారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు కూర్చోవచ్చు. ధర 3.25 లక్షల నుంచి అన్నారు, కానీ బ్యాటరీకి విడిగా కిరాయి కట్టాలి. బ్యాటరీ మనదే కావాలంటే 3.99 లక్షలు. ఎలక్ట్రిక్ బండి కాబట్టి లైఫ్ ట్యాక్స్ మిగులుతుంది, నిజమే. అయినా రెండూ పక్కపక్కన పెడితే మన రైతు ఏది తీసుకుంటాడో నన్ను అడగక్కర్లేదు.

అపోహ: నానోనే నడవలేదు, ఇక చిన్న కారుకు గిరాకీ ఎక్కడిది?

వాస్తవం: నానోను ఒక్క కారణం ముంచలేదు. 2008లో ఫ్యాక్టరీ బెంగాల్‌లోని సింగూరు నుంచి గుజరాత్‌లోని సానంద్‌కు మారింది, బండ్లు చేతికందడం ఆలస్యమైంది. కొన్ని బండ్లకు నిప్పంటుకున్న వార్తలు వచ్చాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ "లక్ష రూపాయల కారు" అన్న పేరు. అత్యంత చవక కారని ప్రచారం చేయడం తప్పేనని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. మన దగ్గర కారు నలుగురి ముందు నిలబెట్టుకునే వస్తువు. "అగ్గువది తెచ్చిండు" అనిపించుకోవడానికి ఎవరూ అప్పు చేయరు.

ఇంకోటి చాలామందికి గుర్తులేదు. మొదట వచ్చిన నానోలకు వెనక డిక్కీ డోరు తెరుచుకునేది కాదు. 2015లో జెన్‌ఎక్స్ వచ్చాకే అది తెరుచుకుంది. మిర్యాలగూడ మిల్లులో పాతిక కిలోల బియ్యం బస్తా తీసుకున్న మనిషి దాన్ని వెనక సీటు మీది నుంచి ఎత్తి అవతల వేయాలి. ఆ బండి గీసినవాళ్లలో బస్తా మోసినవాళ్లు లేరేమో!

అపోహ: మోటార్‌సైకిల్ వాళ్లంతా దీనికి మారతారు.

వాస్తవం: మోటార్‌సైకిల్ పొలం గట్టు దాకా పోతుంది, యూరియా బస్తా మోస్తుంది, లీటరుకు యాభై అరవై కిలోమీటర్లు ఇస్తుంది. దాన్ని అమ్మి కారు కొనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. బండి బండే, కారు కారే. మూడున్నర లక్షలు పట్టుకుని వచ్చిన మనిషి కొత్త చిన్న కారు వైపు కాదు, సింగిల్ ఓనర్ పాత వ్యాగన్‌ఆర్ వైపు నడుస్తాడు. రెండు సీట్ల కారుకు అసలు పోటీ అదే. ఈ మాట కంపెనీ మీటింగుల్లో ఎవరూ ఎత్తరు.

ఆ మనిషి బయానా ఇచ్చే ముందు "రేపు అమ్మితే ఎంతొస్తది?" అని తప్పకుండా అడుగుతాడు. ఐదు సీట్ల మారుతికి ఆ జవాబు నేను నిద్రలో కూడా చెప్తాను. కొత్త కంపెనీ రెండు సీట్ల బండికి చెప్పలేను, ఫైనాన్స్ వాళ్లూ చెప్పలేరు. అందుకే అప్పు తక్కువ ఇస్తారు, ముందు కట్టేది ఎక్కువ అడుగుతారు. వడ్లు అమ్మాక ఆరు నెలలకోసారి కిస్తీ కట్టే రైతుకు అక్కడే చేతులాడవు.

అపోహ: రెండే సీట్లు కదా, లైసెన్సు, నంబరు అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకున్న మినహాయింపును కార్లకు అంటగడుతున్నారు. బజాజ్ క్యూట్ లాంటి క్వాడ్రిసైకిల్‌కు, అంటే ఆటోకూ కారుకూ మధ్య రకం నాలుగు చక్రాల బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. దాని గరిష్ఠ వేగం 70 కిలోమీటర్లు. చిట్యాల దగ్గర విజయవాడ హైవే ఎక్కి, వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే ఆ వేగం ఏపాటిదో తెలుస్తుంది.

అపోహ: ఎలక్ట్రిక్ బండ్లు హైదరాబాద్‌కే పనికొస్తాయి.

వాస్తవం: నా లెక్కలో ఇది తిరగేసి చెప్పాల్సిన మాట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్గు కోసం కొట్లాడే బాధ మనకు లేదు. సొంత ఇల్లు, గేటు, గోడకు పదిహేను ఆంపియర్ల సాకెట్టు, చాలు. ఎలక్ట్రిక్ బండికి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా ప్రభుత్వం మాఫీ చేసింది. దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీ వస్తోంది కాబట్టి పాలమూరులో బండ్లు అగ్గువైతాయని మాత్రం అనుకోకండి. ఫ్యాక్టరీ పక్కూరికి వేరే రేటు ఉండదు.

అపోహ: అసలు రెండు సీట్ల బండికి మన దగ్గర మార్కెట్టే లేదు.

వాస్తవం: ఉంది, కళ్ల ముందే తిరుగుతోంది. 2005లో వచ్చిన టాటా ఏస్, మనం ఛోటా హాతీ అనేది, క్యాబిన్‌లో డ్రైవరూ పక్కన ఇంకొకరూ, అంతే. వెనక సీట్ల బదులు సరుకు జాగా ఉంది, ఆ జాగా రోజూ డబ్బు తెస్తుంది. అందుకే దాని ముందు ఎవరూ సీట్లు లెక్కపెట్టరు.

సొంతానికి కొనేవాళ్లలో ఒక రకం గిరాకీ ఉంది. పెద్దది కాదు, కానీ గట్టిది. భార్యాభర్తలిద్దరూ టీచర్లు, ఊళ్లో ఉండి రోజూ మండలానికి పోయివస్తారు. ఇంట్లో ఇప్పటికే ఎర్టిగానో స్విఫ్టో ఉంటుంది, జాతర దానిది. నల్లగొండ ఎండలో మే నెలలో స్కూటీ మీద ట్రైనింగులకు పోవడం టీచరమ్మకు నరకం. గేర్లు లేని బండి, మంచి ఏసీ, వెనక రెండు సంచులు పట్టే జాగా, అన్నీ కలిపి నాలుగు లక్షల లోపు వస్తే వాళ్లు కొంటారు. మొదటి కారుగా కాదు, స్కూటీ స్థానంలో. కంపెనీలు ఈ ఇంటిని వదిలేసి బైకు మీద నలుగురు పోయే ఇంటి బొమ్మతో ప్రకటన వేస్తాయి. ఆ నలుగురిని రెండు సీట్లలో ఎట్లా కూర్చోబెడతారో మరి.

ఈ టీచర్లు వచ్చి అడిగేవి మూడు: ఏసీ వేస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుంది, బ్యాటరీకి రాతపూర్వకంగా ఎన్నేళ్ల గ్యారంటీ, పాడైతే సర్వీస్ ఎక్కడ. మొదటి రెండిటికీ కాగితం చూపించి నెట్టుకొస్తాం. మూడోదానికి "ఎల్బీనగర్" అని చెప్పాల్సి వస్తే మాత్రం, "సరే అన్నా, మళ్లొస్తం" అని లేచిపోతారు.