ఇన్వెంటరీ పోయింది సరే, ఆర్‌పీజీ ఎక్కడికి పోయింది? మాస్ ఎఫెక్ట్ 1, 2: అపోహలు - వాస్తవాలు

ఆటలకు నియమాలు రాయడం, రాసినవాటిలో సగం కొట్టేయడం నా వృత్తి. ఈ పనిలో ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక పాత తగవు దగ్గరికే చేరుతుంది: 2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ మేలా, 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2 మేలా? రెండూ బయోవేర్ స్టూడియో చేసిన అంతరిక్ష ఆర్‌పీజీలే, అంటే ఒక పాత్రను మలుచుకుంటూ ఆడే పాత్రధారణ వీడియో గేములే. రెండూ అన్‌రియల్ ఇంజిన్ 3 మీద నడిచేవే. రెండింటిలోనూ మనం నడిపేది షెపర్డ్ అనే కమాండర్‌నే. అయినా కంట్రోలర్ చేతిలోకి తీసుకున్న ఐదు నిమిషాలకే ఇవి వేరువేరు ఆటలని తెలిసిపోతుంది. ఆ తేడాకు జనం చెప్పే కారణాల్లో చాలావరకు గురి తప్పినవే. మెనూలో ఎన్ని అంకెలు కనిపిస్తున్నాయో లెక్కపెడతారు తప్ప, ఆడేవాడు ఏ క్షణంలో ఆగి ఆలోచిస్తున్నాడో చూడరు.

ఒక హెచ్చరిక. రెండో భాగం చివరి ఘట్టం లెక్కను కింద విప్పి చెప్పాను. ఇంకా ఆడనివాళ్లు మొదటి అపోహను దాటేసి చదువుకోండి.

అపోహ: రెండో భాగంలో ఆర్‌పీజీని తీసేసి తుపాకుల ఆటగా మార్చేశారు.

వాస్తవం: తీసేసినవి ఉన్నాయి, కాదనను. మొదటి ఆటలో 150 వస్తువులు పట్టే ఇన్వెంటరీ, అంటే సామాన్ల సంచి, ఉండేది. ఒకే తుపాకీ ఒకటో రకం నుంచి పదో రకం వరకు దొరికేది. నిండిపోతే ఒక్కొక్కటిగా ఆమ్ని-జెల్ అనే మరమ్మతు పదార్థంగా కరిగించుకుంటూ కూర్చోవాలి. ఆ జాబితా ముందు గడిపిన సమయంలో మనం నిజంగా తీసుకున్న నిర్ణయాలు ఎన్ని? ఏడో రకం కంటే ఎనిమిదో రకం మేలు, అంతే. అందులో ఎంపిక లేదు, గుమాస్తా పని ఉంది. రెండో భాగానికి గేమ్‌ప్లే డిజైన్ బాధ్యత చూసిన క్రిస్టీనా నార్మన్ 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన ప్రసంగానికి ‘నా ఇన్వెంటరీ ఎక్కడికి పోయింది?’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఆటగాళ్లు అడగబోయే ప్రశ్న వాళ్లకు ముందే తెలుసన్నమాట.

పోయిన ఆర్‌పీజీ ఎక్కడ తేలిందో చూడాలంటే చివరి మిషన్ దాకా వెళ్లాలి. మొదటి ఆటలో సహచరులు ఆరుగురు. రెండోదానిలో, విడిగా విడుదలైన జయీద్, కసూమీలతో కలిపి పన్నెండు మంది. చివర్లో ఇద్దరిని మీ వెంట తీసుకెళ్తారు, ఒకరిని సిబ్బందికి తోడుగా ఓడకు పంపుతారు, మిగిలినవాళ్లు వెనక నిలబడి దారి కాస్తారు. ఈ కాపలా బలానికి ఆట లోపల ఒక లెక్క ఉంది. అది తెర మీద ఎక్కడా కనిపించదు. విధేయత సంపాదించుకున్న గారస్, గ్రంట్, జయీద్‌లకు తలా 4. మిరాండా, జేకబ్, థేన్, సమారా, లీజియన్‌లకు తలా 2. టాలీ, జాక్, కసూమీ, మోర్డిన్‌లకు 1. విధేయత లేకపోతే ఎవరికైనా ఒకటి తగ్గుతుంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కాపలా ఉన్నప్పుడు సగటు 2 ఉంటే అందరూ బతుకుతారు.

ఇప్పుడు లెక్క వేయండి. అందరూ విధేయులే, ఓడకు మోర్డిన్ వెళ్లాడు. ఆఖరి పోరు కదా అని బలమైన గారస్, గ్రంట్‌లను మీ వెంట తీసుకెళ్లారు. వెనక తొమ్మిది మంది, మొత్తం 17. సగటు రెండుకు కాస్త తక్కువ. ఒకరు చనిపోతారు, ఆ ఒకరు టాలీ. గ్రంట్‌ను వెనక వదిలి టాలీని వెంట తీసుకెళ్తే అదే తొమ్మిది మందికి మొత్తం 20. అందరూ క్షేమం. మొదటిసారి నేను గ్రంట్‌నే తీసుకెళ్లాను. టాలీ పోతే కథ అంతే కాబోలు అనుకుని బాధపడ్డాను. చాలా రోజుల తర్వాత కాగితం మీద కూడికలు వేసుకున్నప్పుడు తెలిసింది, అది కథ కాదు, నా తప్పు. నియమాలను ఆటలోంచి తీసేసి ఉంటే ఈ తప్పు చేసే వీలే ఉండేది కాదు. అవి సంచిలోంచి మనుషుల్లోకి వెళ్లాయి.

అపోహ: థర్మల్ క్లిప్పులు (తుపాకీ వేడిని పీల్చుకునే గుళికలు, అవి అయిపోతే కాల్చలేం) వెనకడుగు. మొదటి ఆటలో బుల్లెట్లు అయిపోవడం అన్న మాటే లేదు.

వాస్తవం: మొదటి ఆటలో తుపాకీ ఎంతసేపు కాల్చినా ఖాళీ కాదు, వేడెక్కుతుంది, చల్లబడేదాకా ఆగాలి. ఆలోచన చక్కనిది. ఆట తొలి సగంలో అది బాగానే పనిచేస్తుంది. కానీ చివరికొచ్చేసరికి స్పెక్టర్ రైఫిల్ అనే మేటి తుపాకీకి వేడి తగ్గించే ఫ్రిక్షన్‌లెస్ మెటీరియల్స్ రెండు తగిలిస్తే అది వేడెక్కడమే మరిచిపోతుంది. ఇక ట్రిగ్గర్ మీద వేలు పెట్టి వదలక్కర్లేదు, ఇంకో తుపాకీ ముట్టుకోనక్కర్లేదు. రెండో భాగంలో క్లిప్పులు తక్కువగా దొరుకుతాయి, ఒక్కో తుపాకీ మోసేది కొంతే. అందుకే ఒక పోరాటంలోనే రెండు మూడు ఆయుధాలు మార్చాల్సి వస్తుంది, క్లిప్పు కోసం చాటు వదిలి ముందుకు దూకాల్సి వస్తుంది. ఆడేవాడు ఆలోచించే చోటు మళ్లీ పుట్టింది.

కథలో దీనికి చెప్పిన సాకు మాత్రం నాకు నచ్చదు. గెత్ అనే యంత్రజీవులతో యుద్ధం తర్వాత, వేగంగా కాల్చగలిగినవాడిదే గెలుపని అందరూ గ్రహించి క్లిప్పులకు మారారట. మరి జేకబ్ మిషన్‌లో పదేళ్ల కిందట కూలిపోయిన ఓడ దగ్గర అవే క్లిప్పులు ఎలా దొరికాయి? డిజైన్ బృందం తీసుకున్న మంచి నిర్ణయానికి కథ బృందం హడావిడిగా వేసిన మాసిక అది.

అపోహ: మొదటిదానిలో లెవెల్ 60 దాకా ఉంది, రెండోదానిలో 30 దాకానే. అంటే లోతు సగమైంది.

వాస్తవం: మొదటి ఆటలో చాలా నైపుణ్యాలకు 12 మెట్లు. ఎక్కువ మెట్లలో పెరిగేది కొద్ది శాతమే, ఎక్కినట్టు చేతికి తెలియదు. రెండోదానిలో నాలుగే మెట్లు, ఖరీదు వరుసగా 1, 2, 3, 4 పాయింట్లు. నాలుగో మెట్టు దగ్గర అదే శక్తిని రెండు రూపాల్లో ఒకటిగా మలుచుకోవాలి. పన్నెండు చిన్న మెట్ల కంటే ఆ ఒక్క మలుపు దగ్గరే నేను ఎక్కువసేపు తటపటాయించాను.

అనుభవ పాయింట్ల సంగతి ఇంకా తమాషా. మొదటి ఆటలో చంపిన ప్రతి శత్రువుకూ పాయింట్లు వచ్చేవి. అయితే మాకో వాహనంలో కూర్చుని చంపితే తక్కువ, దిగి నడుస్తూ చంపితే ఎక్కువ. ఫలితం ఏమిటంటే, వాహనం ఫిరంగితో శత్రువును కొనప్రాణంతో వదిలి, తలుపు తీసుకుని దిగి, పిస్తోలుతో ఆఖరి గుండు పేల్చేవాళ్లం. అంతరిక్ష వీరుడు చేయాల్సిన పనేనా అది? అయినా అందరం చేశాం, ఎందుకంటే నియమం అలా చేయమంది. రెండో భాగంలో మిషన్ పూర్తయ్యాకే పాయింట్లు. ఆ దిగడాలు ఎక్కడాలు పోయాయి.

ఇదే పాఠం నేను నా పనిలో తలకిందులుగా నేర్చుకున్నాను. మా సీక్వెల్ ఒకదానిలో వస్తువుల జాబితా తీసేయించింది నేనే. ఆ స్థానంలో కొత్త నిర్ణయమేదీ పెట్టలేదు. పరీక్షించడానికి వచ్చిన ఆటగాళ్లు మునుపటి కంటే ఎక్కువసార్లు ఓడిపోతూనే ‘చాలా తేలికైపోయింది’ అని రాసిచ్చారు. తేలిక అన్నది కష్టం గురించి కాదు, ఆలోచించడానికి ఏమీ మిగలలేదని. ఆ కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

అపోహ: మాటలతో ఒప్పించడం రెండోదానిలో తేలిక. పాయింట్లు పెట్టక్కర్లేదు కదా.

వాస్తవం: పాయింట్లు పెట్టక్కర్లేకపోవడమే చిక్కు. మొదటి ఆటలో మంచిగా నచ్చజెప్పే నైపుణ్యానికి, బెదిరించే నైపుణ్యానికి విడివిడిగా పాయింట్లు కేటాయించాలి. ఆ మేరకు పోరాటంలో వెనకబడతారు. అది స్పష్టమైన బేరం. రెండోదానిలో ఆట లెక్కించేది మీ దగ్గరున్న మొత్తాన్ని కాదు. ఇప్పటిదాకా తిరిగిన చోట్ల సంపాదించగలిగిన పారగాన్ (దయ) లేదా రెనిగేడ్ (కరకు) పాయింట్లలో మీరు ఎంత వంతు సంపాదించారన్నదాన్ని. ఒకసారి దయ, ఒకసారి కరకు అంటూ సందర్భాన్ని బట్టి మనిషిలా ఆడినవాడు రెండిట్లోనూ వెనకబడతాడు. మిరాండా, జాక్ తగవు పడినప్పుడు ఇద్దరినీ నిలుపుకునే మాట అతని జాబితాలో వెలగదు. నా దృష్టిలో ఈ మార్పు పొరపాటు. పాత్రధారణ ఆటలో పాత్రకు రెండు రంగులు ఉండకూడదని శిక్షించడం ఏం న్యాయం? సంభాషణ మధ్యలో మీట నొక్కి అడ్డుకునే ఇంటరప్ట్ మాత్రం అద్భుతమైన చేర్పు.

అపోహ: బయోటిక్ శక్తులను (ముట్టుకోకుండానే శత్రువును లేపడం, విసరడం లాంటివి) బలహీనపరిచారు.

వాస్తవం: ఇది సగం నిజం. మొదటి ఆటలో ఒక్కో శక్తికి విడిగా కూల్‌డౌన్ (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం) ఉండేది, షీల్డ్ ఉన్నవాణ్ణి కూడా లిఫ్ట్‌తో గాల్లోకి లేపేయవచ్చు. రెండోదానిలో అన్నిటికీ ఉమ్మడి కూల్‌డౌన్, పైగా షీల్డ్, బ్యారియర్, కవచం చీల్చందే విసరడం, లేపడం కుదరదు. పెద్ద కఠినతా స్థాయిల్లో ప్రతి శత్రువుకూ ఏదో ఒక రక్షణ ఉంటుంది కాబట్టి బయోటిక్ శక్తుల మీదే ఆధారపడే అడెప్ట్ తరగతిలో ఆడేవాళ్లు ఉసూరుమన్న మాట వాస్తవమే. దానికి బదులుగా దొరికింది వ్యాన్‌గార్డ్ తరగతి ఛార్జ్, అంటే శత్రువు మీదికి దూసుకెళ్లే శక్తి. నన్నడిగితే లాభసాటి బేరమే.

అపోహ: గ్రహాల అన్వేషణను తగ్గించారు.

వాస్తవం: మాకోను తీసేసి, తెర మీద గ్రహాన్ని తిప్పుతూ ఖనిజాల కోసం ప్రోబ్‌లు వదిలే పని పెట్టారు. నాకిది రెండో భాగంలో అన్నిటికంటే విసుగు పుట్టించే ముక్క. అయితే మొదటి ఆటలోని పక్క మిషన్లలో ఒకే నమూనా గనులు, ఒకే నమూనా భవనాలు మళ్లీ మళ్లీ ఎదురయ్యేవన్నది మరవకూడదు. రెండోదానిలో ఆ చోట్లు విడివిడిగా కట్టినవి.

అపోహ: 2021 లెజెండరీ ఎడిషన్ (మెరుగులు దిద్దిన పునర్విడుదల) వచ్చాక రెండూ ఒకే పద్ధతిలో నడుస్తాయి.

వాస్తవం: మొదటి ఆటలో ఏ తరగతి వారైనా ఏ తుపాకీనైనా గురిలో కోత లేకుండా కాల్చేలా మార్చారు. స్నైపర్ ఊగిసలాట తగ్గింది, మాకో నడక కుదురుకుంది, అందులో కూర్చుని చంపినా పాయింట్లు తగ్గవు. ఇన్వెంటరీ ఉంది, ఆమ్ని-జెల్ ఉంది, తుపాకీ ఇప్పటికీ వేడెక్కుతుంది.