నన్నారి కొమ్ముల తగువు ఎక్కడ మొదలైంది?

ఎండలు ముదిరితే కర్నూలు, కడప, అనంతపురం వీధుల్లో నన్నారి షర్బతు బండ్లు నిలుస్తాయి. వాటితోపాటు పాత తగువూ లేస్తుంది: ఆ షర్బతుకు వాడే వేర్లను, అంటే నన్నారి కొమ్ములను, అడవిలో తవ్వడం హక్కా, దొంగతనమా?

నన్నారి ఒంటికి చలవని మన సీమవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వేరు ఏ తీగదో మాత్రం చెప్పాలి. ఆయుర్వేదంలో వాడే సుగంధిపాల వేరు సన్నగా ఉంటుంది. షర్బతుకు వచ్చేది ఎక్కువగా మారేడు కొమ్ము, బొటనవేలంత లావున్న కండగల వేరు. ఇది బిల్వపత్రాల మారేడు చెట్టు కాదు, వేరే తీగ. రెండింటికీ వాసన ఒకటే, ఎందుకంటే వాసననిచ్చే రసాయనమూ ఒకటే. మారేడు తీగ దక్షిణ భారతపు రాతి కొండల్లో తప్ప మరెక్కడా పుట్టదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. తవ్వకూడదనే అటవీ శాఖ వాదనకు ఇదే బలం. తీగ తగ్గిపోతోందన్న మాట నిజమే.

అయితే తవ్విన ప్రతి తీగా చావదు. పద్ధతి తెలిసినవాళ్లు కాయలు పగిలి, దూది తోకలున్న గింజలు గాలికి ఎగిరిపోయాకే గడ్డపార పడతారు. మొదలుకు జానెడు దూరంలో మట్టి తీసి, ఐదారు కొమ్ములుంటే రెండో మూడో లావువి కోసుకుంటారు. మొదలు కదలకూడదు. గుంత పూడ్చి రాయి పెడితే తొలకరికి తీగ మళ్లీ చిగురిస్తుంది. ఆ చోటికి మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. గుంత పూడ్చకపోతే మిగిలిన వేర్లు ఎండకు ఎండిపోతాయి, వానకు కుళ్లిపోతాయి.

ఈ ఓపికను చంపింది 2000 ఫిబ్రవరి 14 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు అని నేను అనుకుంటున్నాను. అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో వచ్చిన ఆ ఉత్తర్వు జాతీయ పార్కులు, అభయారణ్యాల నుంచి ఎండిన చెట్లు, కొట్టుకొచ్చిన కట్టెలు, గడ్డి 'వగైరా' తీసుకెళ్లడాన్ని నిషేధించింది. ఆ 'వగైరా'లోకి క్రమంగా తేనె, జిగురు, వేర్లు అన్నీ చేరిపోయాయి. ఆత్మకూరు వైపు నల్లమల, కడప లంకమల రెండూ అభయారణ్యాలే. రేపు మళ్లీ రానిస్తారో లేదో తెలియని మనిషి మూడు కొమ్ములు తీసి మూడు వదలడు. మొదలుతో సహా పెకలిస్తాడు, గుంత పూడ్చేదాకా ఆగడు.

దానికి తోడు బేరం. కొమ్ములు పచ్చిగానే కిలో లెక్కన పోతాయి. ఆరబెడితే తూకం తగ్గుతుంది, తడితో మూట కడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. అందుకే తొందర. నిజానికి వాసనంతా బెరడులోనే ఉంది. రాతితో నలగ్గొట్టి నడుమ ఉన్న కట్టెలాంటి ఈనె తీసేసి, బెరడును నీడన ఆరబెట్టి దాచుకోవచ్చు. వంద గ్రాముల ఎండు బెరడును లీటరు వేడినీళ్లలో రాత్రంతా మూతపెట్టి నానబెట్టి, వడకట్టి, కిలో చక్కెరతో పాకం పడితే ఇంటికి సరిపడా షర్బతు. మూత తీసి గంటలకొద్దీ మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. ఆ లోటు పూడ్చడానికే చాలామంది ఎసెన్సు కలుపుతారు. బెరడుకే ధర కడితే అవే డబ్బులకు తక్కువ గుంతలు చాలు, కానీ కొనేవాళ్లు ఆ ధర కట్టరు.

2006 అటవీ హక్కుల చట్టం చెంచులకు, ఇతర అటవీ వాసులకు చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ నిర్వచనంలో మందు మొక్కలు, వేర్లు, దుంపలు పేరుపేరునా ఉన్నాయి. అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. అడవిని కాపాడే బాధ్యతనూ గ్రామసభకే అప్పగించింది. 2012 సవరణ నిబంధనలతో రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ వేసే కమిటీకి వచ్చింది. అంటే తవ్వే కాలం, వదిలే కొమ్ముల లెక్క గూడెమే నిర్ణయించి, దాన్ని పర్మిట్ మీద రాసి పంపవచ్చు. దానికి ముందు గూడెం చేతిలో సాముదాయక హక్కు పత్రం, అంటే ఆ హక్కు గూడెమంతటిదీ అని గుర్తించే పత్రం, ఉండాలి. ఆ పత్రం లేని గూడెం మూట చెక్‌పోస్టు దగ్గర ఇప్పటికీ దొంగ సరుకే.