చిల్లు కుండ

ప్రియమైన పిల్లలకు,

అస్సలాము అలైకుమ్. మీ ఉత్తరం అందింది. "దాదా, మా క్లాసులో ఒకడు ఐదు పూటలా నమాజు చేస్తాడు, రోజాలన్నీ ఉంటాడు. కానీ చిన్నవాళ్ళని ఏడిపిస్తాడు, పేర్లు పెట్టి వెక్కిరిస్తాడు. అల్లాహ్ దగ్గర వాడు మంచివాడేనా?" అని అడిగారు. ఆ అబ్బాయి మీద తీర్పు మనం చెప్పొద్దు, అది అల్లాహ్ పని. ప్రశ్నకి మాత్రం జవాబుంది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి సహచరులను "దివాలా తీసినవాడంటే ఎవరు?" అని అడిగారు. డబ్బూ సామానూ లేనివాడని వాళ్ళన్నారు. కాదన్నారు ఆయన. ప్రళయదినాన ఒకడు నమాజు, ఉపవాసం, జకాత్ (పేదలకిచ్చే విధిదానం) అన్నీ వెంటబెట్టుకుని వస్తాడట. కానీ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకడి మీద నింద వేసి ఉంటాడు, ఒకడి సొమ్ము తిని, ఇంకొకణ్ణి కొట్టి ఉంటాడు. వాడి పుణ్యాలు తీసి వాళ్ళందరికీ పంచేస్తారు. బాకీ తీరకముందే అవి అయిపోతే, వాళ్ళ పాపాలు తెచ్చి వీడి నెత్తిన వేస్తారు.

చిల్లు కుండతో నీళ్ళు మోసేవాణ్ణి తలుచుకోండి. పొద్దున్నే లేస్తాడు, బావికి వెళ్తాడు, కష్టపడి తోడతాడు. భుజం నొప్పి నిజమే, చెమటా నిజమే. ఇంటికొచ్చేసరికి కుండ ఖాళీ. చిల్లు చిన్నదే కదా అనుకుంటాడు. చిన్న చిల్లుకి చప్పుడుండదు, అందుకే దారంతా కారినా తెలీదు. ఇంకో నాలుగు బిందెలు పోస్తే సరిపోతుందా? పోసినకొద్దీ కారుతుంది. ముందు చిల్లు పూడ్చాలి. దాన్ని పూడ్చే మట్టి బావి దగ్గర దొరకదు పిల్లలూ, మనం ఎవరి మనసు నొప్పించామో వాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

మా చిన్నప్పుడు కొందరు పెద్దపిల్లలు గూట్లోంచి పిచ్చుకపిల్లల్ని తీసి టోపీలో పెట్టుకొచ్చారు. ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాలేదు, నోళ్ళు మాత్రం ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. తల్లి మా నెత్తిమీదే తిరుగుతూ ఒకటే అరుపు. మాకు ఖుర్ఆన్ చదువు చెప్పే ఉస్తాద్ అది విని బయటికొచ్చారు. తిట్టలేదు. ప్రయాణంలో సహచరులు ఇలాగే ఒక పక్షి పిల్లల్ని తీసుకుంటే, దైవప్రవక్త చూసి "దీని పిల్లల్ని తీసుకుని దీన్ని బాధపెట్టింది ఎవరు? తిరిగి ఇచ్చేయండి" అన్నారని చెప్పి, నిచ్చెన తెప్పించారు. పిల్లలు గూటికి చేరేదాకా ఆ రోజు పాఠం మొదలుపెట్టలేదు. పిట్ట విషయంలోనే ఇంత ఉంటే, మాటతో గాయపడే మనిషి సంగతి చూడండి. వెక్కిరింపులు, పేర్లు పెట్టడం, చాటున చెడు చెప్పడం వద్దని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో, అంటే ఆ అధ్యాయంలో (49:11-12), విడమరిచి చెప్పింది.

ఇదంతా మనవాళ్ళ మధ్యే అనుకోకండి. తన సహచరుడు హజ్రత్ ముఆజ్ (రజి)ను యెమెన్‌కు పంపుతూ, అన్యాయానికి గురైనవాడి మొరకు భయపడమని, దానికీ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర లేదని దైవప్రవక్త చెప్పారు. ముఆజ్ వెళ్ళింది గ్రంథప్రజల దగ్గరికి, అంటే యూదులు, క్రైస్తవుల దగ్గరికి. ఒక జాతి మీద మీకున్న ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని మాయిదా సూరా (5:8) అంటుంది. నాకు ఈ మాట చదివినప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ద్వేషం ఉన్నచోట కూడా న్యాయం!

ఇక మీ క్లాసు అబ్బాయి. నీ సోదరుడు దౌర్జన్యం చేసేవాడైనా, దౌర్జన్యానికి గురైనవాడైనా సాయం చెయ్యమన్నారు దైవప్రవక్త. చేసేవాడికి సాయమేమిటని అడిగితే, వాణ్ణి ఆ పని నుంచి ఆపడమే సాయమన్నారు. పదిమందిలో కాదు, పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. వినకపోతే టీచరుకి చెప్పండి, అది చాడీ కాదు.

మీకూ ఒక పని ఉంది. దీనారు, దిర్హమ్ పనికిరాని రోజు రాకముందే, ఇవాళే బాకీ తేల్చుకోమని హదీసులో, అంటే దైవప్రవక్త మాటల్లో ఉంది. ఎవరి పెన్సిలైనా మీ దగ్గర ఉండిపోతే ముందు అది ఇచ్చేయండి, సారీ తర్వాత. ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే చీటీ రాయండి. వెంటనే మాట్లాడకపోతే అలగకండి, కోపం తగ్గడానికి టైమివ్వండి. రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళండి.

దుఆలతో,
మీ దాదా